రైతు నుంచి బస్సు దాకా: మాటల పుట్టుక గురించి హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు మాటల మీద అనుమానాలు కాస్త ఎక్కువే. ఒకే గల్లీలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వినపడుతుంటే, తన నోట్లోంచి వచ్చిన మాట ఎవరిదో అని ఎవరైనా ఒకసారి ఆగి చూసుకుంటారు. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి. వరస చూసుకోనక్కర్లేదు, ఎక్కడ మొదలుపెట్టినా పరవాలేదు.

“రైతు” అచ్చ తెలుగు మాటే కదా?

కాదు, అరబ్బీ. ఈ జవాబు చెప్పగానే చాలామంది మొహం మాడుతుంది. మట్టి వాసన వచ్చే మాట ఇంకేదైనా ఉందంటే ఇదే కదా మరి.

అరబ్బీలో ‘రఇయ్యత్’ అంటే కాపరి మేపే మంద. మంద బాగోగులు కాపరివి, జనం బాగోగులు రాజువి అనే లెక్కన ఆ మాట ప్రజలకు అంటుకుంది. పారసీ రాజ్యాల్లో రాజు కింద బతికేవాళ్లందరూ రయ్యతులే. భూమిశిస్తు దస్త్రాల్లోకి వచ్చేసరికి శిస్తు కట్టేవాడి మీదే అందరి కన్నూ పడింది కాబట్టి అర్థం అతనికే పరిమితమైంది. మద్రాసు వైపు కంపెనీ దొరలు రైతు దగ్గర నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతికి ‘రైత్వారీ’ అని పేరు పెట్టడంతో మాట ఇంకా గట్టిపడింది. అంతకుముందు మనకు కాపు ఉంది, హాలికుడు ఉన్నాడు. హాలికుడు పద్యాల్లో ఉండిపోయాడు. కాపు చాలాచోట్ల కులం పేరుగా మారింది.

ఇంకో చిత్రం, ఆ రైతు చేసే పని పేరు. ‘వ్యవసాయం’ సంస్కృత పదమే కానీ సంస్కృతంలో దానికి నాగలితో సంబంధం లేదు. నిశ్చయం, పట్టుదల, ప్రయత్నం, ఇవీ దాని అర్థాలు. భగవద్గీత రెండో అధ్యాయంలో “వ్యవసాయాత్మికా బుద్ధిః” అన్నప్పుడు అర్జునుణ్ని పొలం దున్నమని కాదు చెప్పింది. హిందీవాళ్లు అదే మాటను వ్యాపారానికీ వృత్తికీ వాడుకుంటున్నారు. మనం పొలానికి ఇచ్చేశాం. పాత అర్థాలే పట్టుకుని చూస్తే “రైతు వ్యవసాయం చేస్తున్నాడు” అంటే “మంద పట్టుదల చేస్తోంది” అని. అలా ఎవరికైనా వినపడుతుందా?

ఇన్ని అరబ్బీ, పారసీ మాటలు మనకెలా వచ్చాయి? ఎవరైనా బలవంతంగా రుద్దారా?

కత్తి కన్నా కాగితం చేసిన పని ఎక్కువ. గోల్కొండను కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 వరకు ఏలారు. పై స్థాయి ఉత్తరాలు పారసీలో నడిచేవి, పారసీ తెలుగు రెండూ పక్కపక్కన రాసిన ఫర్మానాలూ ఉన్నాయి. 1724 నుంచి ఆసఫ్‌జాహీలు. వాళ్ల కచేరీల్లో 1880ల దాకా పారసీ, ఆ తరవాత 1948 వరకు ఉర్దూ. శిస్తు కట్టాలన్నా, భూమి పట్టా కావాలన్నా, దొంగతనం జరిగిందని చెప్పుకోవాలన్నా ఆ మాటలతోనే పని.

అందుకే వచ్చిన మాటల జాబితా ఒకసారి చూడండి: జమ, ఖర్చు, బాకీ, వసూలు, రద్దు, మంజూరు, దరఖాస్తు, తారీఖు, నకలు. అన్నీ ఆఫీసువి, డబ్బువి. కన్ను, చెయ్యి, అమ్మ, నాన్న, ఎద్దు, నాగలి, వాన, చేను మాత్రం కదల్లేదు. ఇంట్లో పనికి పాత మాటలే సరిపోయాయి. గుమ్మం దాటి సర్కారు పనికి వెళ్లినప్పుడే కొత్తవి కావాల్సి వచ్చింది.

ఇది తెలంగాణ సంగతి మాత్రమే అనుకునేవాళ్లకు ఒక మాట. 1766లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన కోస్తా ప్రాంతానికి ‘సర్కారు జిల్లాలు’ అని పేరు. అందులో సర్కారు పారసీ, జిల్లా అరబ్బీ. అరబ్బీలో ఆ రెండో మాటకు మూలమైన పదానికి అర్థం పక్కటెముక. పక్క, వైపు, ప్రాంతం అంటూ సాగి జిల్లా అయింది. తాలూకాకు మూలం ‘తఅల్లుఖ్’, అంటే సంబంధం. “ఆయన తాలూకు మనుషులు” అన్నప్పుడు మనం వాడేది అదే మాట, పైగా దాని పాత అర్థంలోనే. కోస్తాలో ఈ ‘తాలూకు’ వినపడినంతగా హైదరాబాద్‌లో వినపడదు. నిజాం రాజ్యం నడిబొడ్డున కన్నా బయటే ఆ అరబ్బీ మాట ఎక్కువ బతికింది.

తహసీల్దారును కూడా ఇక్కడే చెప్పేస్తాను. తహసీలు అంటే వసూలు చేయడం. కలెక్టర్ అన్నా వసూలు చేసేవాడే. ఒకే ఉద్యోగానికి రెండు భాషల్లో రెండు హోదాలు.

కోర్టు వార్తల్లో తెలుగు మాటలే ఉండవంటారు. నిజమేనా?

ఒక వాక్యం తీసుకుని చూద్దాం. ఏ పేపర్లో అయినా ఇలాంటిది రోజూ కనపడుతుంది: “ముద్దాయి తరఫు వకీలు హాజరు కాకపోవడంతో కేసు వాయిదా పడింది.”

వకీలు అరబ్బీ. ఎవరి బదులైనా పని చక్కబెట్టే ప్రతినిధి అని అర్థం, కోర్టుతో ముడి తరవాత పడింది. తరఫు కూడా అరబ్బీయే, వైపు అని. హాజరు అంటే ఎదురుగా ఉండటం. కేసు ఇంగ్లీషు, దాని వెనక లాటిన్.

వాయిదా దగ్గర కాస్త ఆగాలి. అరబ్బీ ‘వఅదా’ అంటే మాట ఇవ్వడం, ప్రమాణం. ఫలానా రోజు ఇస్తానని మాట ఇస్తే ఆ రోజు వాయిదా. నెల నెలా కడతానని మాట ఇస్తే ఒక్కో కట్టుబడీ ఒక్కో వాయిదా. ఇచ్చిన మాట తప్పి ఇంకో రోజు చెబితే అదీ వాయిదాయే. అలా ‘తప్పకుండా చేస్తాను’ అనే అర్థంతో బయల్దేరిన మాట ‘ఇప్పుడు కాదు’ దగ్గరికి వచ్చి ఆగింది. కోర్టు మెట్లెక్కిన ఎవరికైనా ఈ పరిణామం వింతగా అనిపించదు.

ముద్దాయి అయితే ఏకంగా పార్టీ మార్చింది. అరబ్బీలో, ఉర్దూ కోర్టుల్లో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, అంటే వాది. ఎవరి మీద వేశారో ఆయన ‘ముద్దా అలైహ్’. ఆ పొడుగు మాట నోరు తిరగక పొట్టిదాన్నే వాడేసి ఉంటారని నా ఊహ. ఈరోజు తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడేవాడు. పాతబస్తీలో ఉర్దూ చదువుకున్న పెద్దాయనకు తెలుగు పేపర్ చదివి వినిపిస్తే ఎవరు ఎవరి మీద కేసు పెట్టారో తారుమారవుతుంది.

ఇక వాక్యంలో తెలుగు ఏది? ‘కాకపోవడంతో’, ‘పడింది’. అంతే. కానీ ఈ వాక్యం అరబ్బీవాడికి అర్థం కాదు, పారసీవాడికీ కాదు. ఆ రెండు ముక్కలే దాన్ని తెలుగు వాక్యం చేశాయి.

పోలీస్ స్టేషన్ మాటలూ అంతేనా?

అంతే. ఫిర్యాదు పారసీలో ‘కాపాడండి’ అని పెట్టే కేక. ఇప్పుడు తెల్ల కాగితం మీద రాసి, నకలు మీద స్టాంపు వేయించుకోవాలి. దర్యాప్తు అంటే కనుక్కోవడం. బందోబస్తు అంటే కట్టడం, బిగించడం. శిస్తు లెక్కలు ఖాయం చేసే ఏర్పాటును బందోబస్తు అనేవాళ్లు, ఉత్తరాదిలో భూముల విషయంలో ఆ అర్థం ఇంకా ఉంది. ఇక్కడ మాత్రం గణేశ్ నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ మీద కనపడేదే బందోబస్తు.

బద్మాష్ సంగతి కూడా అడుగుతుంటారు. ‘బద్’ చెడ్డ, ‘మఆష్’ బతుకుతెరువు. చెడు దారిలో పొట్టపోసుకునేవాడు అని. ఇప్పుడు అల్లరి చేసే మనవణ్ని నానమ్మలు ముద్దుగా తిట్టడానికి వాడుతున్నారు.

“సిబ్బంది” చూస్తే సంస్కృతంలా ఉందే?

చూడటానికి అలాగే ఉంటుంది. పారసీ ‘సిహ్‌బందీ’ నుంచి వచ్చింది. సిహ్ అంటే మూడు. శిస్తు వసూళ్లకూ కాపలాకూ పెట్టుకునే తాత్కాలిక బంట్లను అలా పిలిచేవాళ్లు. మూడేసి నెలలకోసారి జీతం ఇచ్చేవారు కాబట్టి ఆ పేరు అంటారు. ఈరోజు ఆసుపత్రి సిబ్బంది, బ్యాంకు సిబ్బంది. కాంట్రాక్టు ఉద్యోగాల్లో జీతం కోసం ఎదురుచూసేవాళ్లకు ఈ పుట్టుక చెబితే, మాట పెద్దగా మారలేదే అంటారు.

“మామూలు” లంచం ఎలా అయింది?

అరబ్బీ మఅమూల్ అంటే అలవాటుగా నడుస్తున్నది. ఎప్పుడూ ఇచ్చేదే కదా ఇవ్వండి అనడంలోనే లంచమూ అలవాటూ కలిసిపోయాయి. ‘అమలు’ కూడా ఇదే ధాతువు. అంటే చట్టాన్ని అమలు చేయడం, మామూళ్లు వసూలు చేయడం, పుట్టుక ప్రకారం అన్నదమ్ములు. ఈ మధ్య కుర్రాళ్లు “మామూలుగా లేదు మామా” అంటే అద్భుతంగా ఉందని. ఈ మూడో అర్థమే నాకు అన్నిటికన్నా ఇష్టం.

రాజీ పడటం, రాజీనామా చేయడం ఒకదానికొకటి వ్యతిరేకం కదా. ఒకే మాట ఎలా అయింది?

రాజీ అంటే ఒప్పుకోవడం, నామా అంటే రాత. ఉర్దూ, హిందీల్లో రాజీనామా అంటే ఇప్పటికీ రెండు పక్షాలూ ఒప్పుకుని రాసుకున్న కాగితమే. ఉద్యోగం వదిలితే ‘ఇస్తీఫా’. దక్షిణాదికీ మహారాష్ట్రకూ వచ్చేసరికి తెలుగు, కన్నడ, మరాఠీ మూడింట్లోనూ రాజీనామా ఉద్యోగం వదులుకోవడమైంది. మధ్యలో ఒక మెట్టు ఉంది. రైతు తన పేరున ఉన్న భూమిని ఇష్టపూర్వకంగా వదిలేస్తున్నట్టు రాసిచ్చే పత్రాన్నీ రాజీనామా అనేవాళ్లు. భూమిని వదులుకునే కాగితం తరవాత పదవిని వదులుకునే కాగితమైంది.

అందుకే హైదరాబాద్‌లో ఒక మంత్రి రాజీనామా చేశాడని తెలుగులో చదివి, దాన్ని ఉన్నదున్నట్టు ఉర్దూలో చెబితే, ఆయన ప్రతిపక్షంతో రాజీకొచ్చాడని విన్నవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది.

‘ప్రమాదం’ అన్నారు కాబట్టి అడుగుతున్నాం. సంస్కృత మాటలు మారవు కదా?

ఎందుకు మారవు! సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, పొరపాటు. “ప్రమాదో ధీమతామపి”, ఎంత తెలివైనవాడైనా పొరబడతాడు అని. మనం కారణం పేరు తీసి ఫలితానికి పెట్టాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదం జరిగింది అంటే ఎవరో ఏమరిచారనే కదా, పెద్ద దూరమేమీ పోలేదు.

హిందీవాళ్లతో కలిసి పనిచేసేవాళ్లు పడే అవస్థ వేరు. (అవస్థ కూడా అంతే. సంస్కృతంలో ఉత్త స్థితి, మనకు కష్టం.) ఉపన్యాసం అంటే మనకు వేదిక మీద మాట్లాడేది, వాళ్లకు నవల. ఉద్యోగం మనకు కొలువు, వాళ్లకు పరిశ్రమ, సంస్కృతంలో ప్రయత్నం. చేష్టలు వాళ్లకు ప్రయత్నాలు, మనకు కోతివి. అవసరం సంస్కృతంలో, హిందీలో వీలు, సందర్భం. మనకు అది లేకపోతే గడవనిది.

శిక్ష సంగతి అందరికీ తెలిసిందే. సంస్కృతంలో చదువు, బోధన. తెలుగులో జైలు. ‘శిక్షణ’ అని ఒక అక్షరం తగిలిస్తే మళ్లీ చదువులోకి వస్తాం. 2001లో కేంద్రం ‘సర్వ శిక్షా అభియాన్’ మొదలుపెట్టినప్పుడు మన ఊళ్లలో బడి గోడల మీద ఆ బోర్డు చూసి పిల్లలు నవ్వుకున్నారంటే వాళ్ల తప్పు కాదు.

మంచి మాటలు చెడ్డవవుతాయా?

అవుతాయి. కంపు ఒకప్పుడు సువాసన. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. ఛాందసుడు వేదం చదువుకున్నవాడు, ఇప్పుడు కాలంతో నడవనివాడు. కైంకర్యం దేవుడికి చేసే సేవ. దేవుడి మాన్యాలు మాయమవుతుంటే చూసిన జనం ఆ మాటకు దిగమింగడం అనే అర్థం ఇచ్చారు. భాషలో ఇంత ఘాటైన వెక్కిరింత అరుదు.

రివర్సులోనూ జరుగుతుంది. సంస్కృతంలో సభికుడు జూదశాల నడిపేవాడు. రవీంద్రభారతిలో “సభికులకు నమస్కారం” అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఇరానీ హోటల్ బల్ల మీద ఉన్నవాటిలో మనది ఏది?

ముందు ఆ బోర్డు. హోటల్ అంటే బయటి దేశాల్లో రాత్రి పడుకునే చోటు. ఆసుపత్రికి ఇంగ్లీషులో ఉన్న పేరూ ఇదీ ఒకే లాటిన్ మాట పిల్లలు. మనకు హోటల్ అంటే తినే చోటు. టిఫిన్‌దీ ఇదే దారి. ఇంగ్లీషు వాడుకలో గుటక వేయడం అనే అర్థం నుంచి పుట్టి, ఇండియాలోని దొరలకు మధ్యాహ్నపు తేలిక భోజనమైంది. మన దగ్గర ఇడ్లీ, దోశె, ఉప్మా అయి కూర్చుంది. ఇంగ్లండులో ఇప్పుడు ఆ మాట ఎవరికీ పట్టదు.

చాయ్, టీ రెండూ చైనా మాటలే, పైగా ఒకే ఆకు పేరు. ‘చా’ అనే పలుకుబడి ఎక్కువగా నేల దారిన పారసీలోకి వెళ్లి చాయ్ అయింది. తీరప్రాంతపు ‘తె’ అనే పలుకుబడి డచ్చి ఓడలెక్కి యూరప్ చేరి టీ అయింది. హైదరాబాద్‌లో రెండూ కలిశాయి. చక్కెర మాత్రం ఇక్కడిదే. సంస్కృతంలో శర్కర అంటే గరుకు ఇసుక, సన్న రాళ్లు. బెల్లం కన్నా తెల్లగా పలుకులుగా ఉన్నదానికి ఆ పేరు సరిపోయింది. అదే మాట పారసీ, అరబ్బీల మీదుగా యూరప్ పోయి షుగరై తిరిగొచ్చి మన రక్తపరీక్షల్లో కూర్చుంది.

లుక్మీ, అదే మన ఖీమా సమోసా లాంటిది, ముద్ద అనే అర్థమున్న ‘లుక్మా’ నుంచి. బిర్యానీ పారసీలో వేపుడు. బిస్కట్ రెండుసార్లు కాల్చినది. డబుల్ కా మీఠాలో డబుల్ అంటే డబుల్ రొట్టె, అదే బ్రెడ్డు.

వంటింట్లో అయినా అచ్చ తెలుగు మిగిలిందా?

బోలెడంత మిగిలింది, కాకపోతే అదీ మారింది. నూనె చూడండి. నువ్వు, నెయ్యి కలిస్తే నూనె. నెయ్యి అంటే పాతకాలంలో జిడ్డుగా ఉండే ఏదైనా. అంటే నూనె అంటే నువ్వుల నుంచి తీసింది మాత్రమే. తరవాత కొబ్బరి నూనె, ఆముదం నూనె, పల్లినూనె వచ్చాయి. తెలంగాణలో కిరోసిన్ కూడా గ్యాసునూనె అయింది. ఇప్పుడు అసలుదాన్ని ‘నువ్వుల నూనె’ అని చెప్పుకోవాల్సిన పరిస్థితి. ఇది తెలుగువాళ్ల వింత కాదు. సంస్కృత తైలం తిలల నుంచి, ఇంగ్లీషు ఆయిల్ ఆలివ్ నుంచి ఇలాగే పుట్టి ఇలాగే పరుచుకున్నాయి. ఎవరి ఊళ్లో ఏ గింజ పండితే దాని పేరే అన్ని నూనెలకూ పోయింది.

చెంబు అంటే రాగి. ‘చెం’ అంటే ఎరుపు, చెందామరలో ఉన్నదే. ప్లాస్టిక్ చెంబు అన్నప్పుడు ప్లాస్టిక్ రాగి అంటున్నాం. బోనం భోజనంలోంచి వచ్చింది. ఆషాఢంలో గోల్కొండ, లష్కర్ (సికింద్రాబాద్) బోనాలకు తలకెత్తుకునేది అమ్మవారి అన్నమే.

అలమారా, ఇస్త్రీ, తువ్వాలు?

పోర్చుగీసు. మేజా, బొత్తాం, మేస్త్రీ కూడా. అడ్డా మీద నిలబడే మేస్త్రీ మూలంలో గురువుగారు. ఇస్త్రీ అంటే సాగదీయడం. ఇంతకన్నా చెప్పడానికి ఏం లేదు. ఓడలొచ్చాయి, సామాన్లు దిగాయి, వాటితో పేర్లూ దిగాయి.

మస్తు, జబర్దస్త్ లాంటివి మాటలేనా? పిల్లలు భాష పాడుచేస్తున్నారు కదా?

పిల్లల్ని అనకండి, ఇది తాతల కాలం నుంచీ ఉంది. పారసీలో మస్త్ అంటే తాగి మత్తెక్కినవాడు. మత్తు నుంచి ఆనందం, ఆనందం నుంచి ‘చాలా’. “మస్తు వానపడ్డది” అనే పెద్దావిడకు మత్తుతో పనిలేదు. జబర్దస్త్ అంటే పైచెయ్యి. జబర్దస్తీ అంటే ఇంకా దౌర్జన్యమే కానీ, చివరి దీర్ఘం తీసేస్తే భేష్ అని మెచ్చుకోవడం.

జల్సా అరబ్బీలో కూర్చోవడం, సభ. మజ్లిస్ కూడా అదే ధాతువు. పార్టీ పేరుగా రోజూ వినే ఆ మాట, “వాడు జల్సా చేస్తున్నాడు” అనే మాట ఒక ఇంటివి. తమాషా మొదట్లో నలుగురూ కలిసి నడవడం, షికారు. షికారు చేస్తే ఏదో చూస్తాం, చూసింది వేడుక, వేడుకలో నవ్వొచ్చేది తమాషా.

గరీబు అరబ్బీలో పరాయివాడు, ఊరికి కొత్త. ఊరుకాని ఊళ్లో దిక్కులేనివాడు పేదవాడే అవుతాడు కాబట్టి అర్థం అటు జరిగింది. బస్తీది ఇంకో కథ. కోస్తాలో పాతతరంవాళ్లు బస్తీకి వెళ్లాడంటే పట్నానికి వెళ్లాడని. హైదరాబాద్‌లో బస్తీ అంటే ఇరుకు ఇళ్ల పేట, బస్తీ దవాఖానా ఉండే చోటు.

ఇంగ్లీషు మాటలకూ మనం ఇదే మర్యాద చేస్తున్నాం. “లైట్ తీస్కో” లండన్‌లో ఎవరికీ అర్థం కాదు. టెన్షన్ అంటే మూలంలో తీగ బిగుతు. మనకు పరీక్ష ఫలితాల ముందు రాత్రి.

బస్సు అనే మాటకు అర్థమే లేదంటారు?

దాదాపు అంతే. ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దంలో అందరూ ఎక్కగలిగే బండికి ‘ఓమ్నిబస్’ అని లాటిన్ పేరు పెట్టారు. ఓమ్నిబస్ అంటే ‘అందరికీ’. ఇంగ్లీషువాళ్లు తల కోసేసి తోక ఉంచుకున్నారు. ఆ తోక లాటిన్‌లో ఉత్త విభక్తి ప్రత్యయం. అంటే తెలుగు ‘అందరికీ’లో ‘కీ’ మాత్రం మిగిలినట్టు. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో సర్కారు రోడ్డు రవాణా మొదలైంది. అప్పటినుంచీ మనం ఒక విభక్తి ఎక్కి తిరుగుతున్నాం.

హైదరాబాద్ పేటల పేర్లలో తమాషావి చెప్పండి.

బార్కస్ ముందు. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్స్ ఉన్న చోటు. వాళ్ల నోట ఇంగ్లీషు బ్యారక్స్ బార్కస్ అయింది. మూసారాంబాగ్‌లో మూసా లేడు, రాముడూ లేడు. ఉన్నది నిజాం సైన్యంలోని ఫ్రెంచి సేనాని రేమండ్, 1798లో పోయాడు. మాన్స్యూర్ రేమండ్ అనలేక జనం మూసారాం అన్నారు. కొందరు ముస్లింలు మూసా రహీం అన్నారు. ఎవరి దేవుణ్ని వాళ్లు ఆయనకు తగిలించారు. అబిడ్స్, ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పేరు. మాసబ్‌ట్యాంక్ ‘మా సాహెబా’ చెరువు. ఇప్పుడు చెరువూ లేదు, సాహెబా పేరు కూడా గుర్తుపట్టేలా లేదు. డబీర్‌పురాలో డబీర్ అంటే రాతగాడు, కార్యదర్శి. కోఠి అంటే బంగళా. ఆ బంగళా బ్రిటిష్ రెసిడెన్సీ.

హైదరాబాద్ అనే పేరు మీద జరిగే గొడవలోకి నన్ను లాగకండి. హైదర్ అంటే సింహం, హజ్రత్ అలీ బిరుదు. ఆబాద్ అంటే జనం ఉండే చోటు. ఇంతవరకు మాట సంగతి. మిగతాది ఎన్నికలప్పుడు మాట్లాడుకునేవాళ్లకు వదిలేస్తాను.

వాట్సాప్‌లో వచ్చే పుట్టుకలు నమ్మొచ్చా?

ఒక్కో అక్షరానికి ఒక్కో ఇంగ్లీషు మాట విడదీసి చూపిస్తే వెంటనే పక్కన పెట్టండి. న్యూస్ నాలుగు దిక్కుల పొడి అక్షరాలు కాదు, ‘కొత్తవి’ అని అర్థం. అలాగే వినడానికి మరీ ముచ్చటగా, నీతికథలా ఉన్నదాన్నీ అనుమానించండి. చూడాల్సినవి రెండే: పాత రాతల్లో ఆ మాట ఏ అర్థంలో కనపడుతోంది, పక్క భాషల్లో దాని చుట్టాలు ఎవరు. బ్రౌన్ తెలుగు నిఘంటువు 1852 నాటిది. అందులో ఉన్న అర్థాన్నీ మీ అర్థాన్నీ పక్కపక్కన పెడితేనే సగం కథ తెలిసిపోతుంది. పక్కన ఒక ఉర్దూ నిఘంటువు ఉంటే మిగతా సగం. 1901లో మొదలై, ఇప్పుడు కోఠి సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయానికి వెళ్లి ఒక మధ్యాహ్నం కూర్చోండి.

అసలు అర్థం ఇది కాబట్టి ఇలాగే వాడాలి అనొచ్చా?

అనకూడదు. ‘అసలు’ అంటేనే అరబ్బీలో వేరు. వేరు ఎటుందో తెలిస్తే మంచిదే, కాయ దాని దగ్గరే కాయాలంటే కుదరదు. సవాలు అరబ్బీలో ప్రశ్న, తెలుగులో తొడగొట్టడం. జవాబు మాత్రం జవాబుగానే ఉంది. ఈ పేజీకి ‘సవాళ్లు, జవాబులు’ అని పేరు పెడితే మీరు కొట్లాటకు సిద్ధమై వస్తారు.

ఎంతసేపూ తీసుకోవడమేనా? తెలుగు ఎవరికీ ఏమీ ఇవ్వలేదా?

ఇచ్చింది, పైకి కనపడకుండా. హైదరాబాదీ ఉర్దూ వినండి. “ఆతూం బోల్కే బోలా” అంటారు. ఢిల్లీ, లక్నోవాళ్లు ముందు ‘చెప్పాడు’ అని, తరవాత ‘కి’ పెట్టి, చెప్పింది చెబుతారు. ఇక్కడ ‘వస్తా’ ముందొచ్చి, వెనక ‘బోల్కే’ వచ్చింది. అది అచ్చంగా “వస్తానని చెప్పాడు”లోని మన ‘అని’. దక్కనీ ఉర్దూ మాటలు తనవి ఉంచుకుని, వాక్యం కట్టే తీరును ఇక్కడి ద్రావిడ భాషల నుంచి తీసుకుంది. వద్దు అనడానికి వాడే ‘నక్కో’ మరాఠీ నుంచి. ‘పర్సోం’ అంటే మామూలు ఉర్దూలో మొన్న లేదా ఎల్లుండి, ఇక్కడ గడిచిపోయిన ఏ రోజైనా కావచ్చు. పర్సోం పెళ్లయిందన్న మనిషికి కాలేజీ చదివే కొడుకు ఉండొచ్చు.

ఇంగ్లీషులోకి మన పందికొక్కు వెళ్లి బ్యాండికూట్ అయింది. అక్కణ్నుంచి ఆస్ట్రేలియా చేరి, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని ఒక సంచి జంతువుకు పేరైంది. ఇక గోల్కొండ. వజ్రాలు దొరికింది కృష్ణా తీరాన కొల్లూరు లాంటి చోట్ల, అమ్ముడుపోయింది గోల్కొండలో. అయినా పేరు సంతకే వచ్చింది. ఇంగ్లీషు నిఘంటువుల్లో గోల్కొండ అంటే తరగని సిరుల గని. అమెరికాలో ఇలినాయ్‌లో ఒకటి, నెవాడాలో ఒకటి గోల్కొండ అనే ఊళ్లున్నాయి.